నేను వెళ్ళాల్సిన ఊరు

నా చెవులకి కుట్లు లేవు. మా బళ్ళో కొత్తగా చేరిన ప్రతి ఆడపిల్లా మొదటి వారంలోనే ఆ సంగతి కనిపెట్టేస్తుంది. "టీచర్, మీకు చెవులు కుట్టించలేదా" అని అడుగుతుంది. లేదమ్మా అంటాను. ఎందుకని అడిగితే చెప్పే ఓపిక నాకుండదు. ఇక్కడ చెబుతాను.

నేను కడుపులో ఉండగానే మా అమ్మ నన్ను దేవుడి సేవకి ఇచ్చేసింది. మా నందిగామ వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది కొత్తేం కాదు. పెళ్ళయ్యాక చాలాకాలం పిల్లలు పుట్టకపోతేనో, పుట్టినవాళ్ళు దక్కకపోతేనో, "ప్రభువా, ఒక్క బిడ్డనివ్వు, ఆ బిడ్డని నీకే ఇస్తాను" అని తల్లి మాటిస్తుంది. పుట్టాక ఒక ఆదివారం ఆరాధనలో అందరి ముందూ ఆ బిడ్డని పాస్టరుగారి చేతుల్లో పెడతారు. ఆయన నుదుటికి నూనె రాసి ప్రార్థన చేస్తారు, దాన్నే ప్రతిష్ఠ అంటారు. అంతే, అక్కడితో ఆ బిడ్డ ఇంట్లో పెరుగుతుందే గాని ఇంటిది కాదు. నాకు చెవులు కుట్టించలేదు, గాజులు వెయ్యలేదు, ఆదివారం పూట తెల్లగౌను తప్ప ఇంకోటి తొడగలేదు. "ఇది మిషనరీ అవుద్దండీ, ఆఫ్రికా పోద్ది" అని మా అమ్మ కూరగాయలామెకి కూడా చెప్పేది. ఆఫ్రికాయే ఎందుకంటే, మా ఊరి కన్వెన్షన్లో అక్కడ పనిచేసి వచ్చిన ఒక పెద్దావిడ మాట్లాడుతుంటే, మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని ముందు వరసలో కూర్చుని విన్నదట.

నా తర్వాత మా చెల్లి పుట్టింది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. దానికి చెవులు కుట్టించారు, జుంకాలు పెట్టారు, ఎర్ర గౌన్లు, పూల గౌన్లు, కాళ్ళకి పట్టీలు. అది గల్లుగల్లుమంటూ ఇల్లంతా తిరుగుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఏడిస్తే మా అమ్మ "నువ్వు దేవుడి బిడ్డవి, నీకెందుకే అవన్నీ" అనేది. అప్పుడు నాకున్న ధైర్యం ఒక్కటే. జుంకాలు దానివైతే అయ్యాయి, ఆఫ్రికా నాది. నాలుగో తరగతిలోనే ఆ మ్యాపు చూడకుండా గీసేదాన్ని. పెద్ద పెద్ద సరస్సులన్నీ ఎక్కడెక్కడున్నాయో వేలు పెట్టి చూపించేదాన్ని.

ఇప్పుడు ఆఫ్రికాలో ఉంటున్నది మా చెల్లి. నేను జగ్గయ్యపేటలో ఉంటున్నాను.

అదెలా జరిగిందో చెబితే నవ్వుతారు. నేను బీయిడీ అయ్యాక మిషన్ వాళ్ళు విజయవాడలో ఇంటర్వ్యూకి పిలిచారు. నా సంచి మొయ్యడానికి మా చెల్లిని వెంటపెట్టుకెళ్ళాను. అప్పటికది నర్సింగ్ చదివి నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. ఆ రోజు సెలవు పెట్టి నాతో వచ్చింది నా మీద ప్రేమతో కాదు, బిర్యానీ తినిపిస్తానన్నానని. లోపల ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. నా ప్రతిష్ఠ సంగతి, నూనె సంగతి, సండే స్కూల్లో నేను పిల్లలకి నేర్పే పాటల సంగతి అన్నీ చెప్పాను. ముగ్గురూ తలలూపారు. ఆఖర్న ఒకాయన గుమ్మం వైపు చూసి, "ఆ అమ్మాయెవరమ్మా" అన్నారు. మా చెల్లండీ అన్నాను. ఏం చేస్తుందమ్మా అన్నారు. నర్సండీ అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మలావి దేశంలో ఒక పల్లెటూళ్ళో వాళ్ళ క్లినిక్ ఉంది, ఎన్నాళ్ళనుంచో నర్సు లేదు. మా చెల్లిని లోపలికి పిలిచారు. నా సంచి భుజానికి తగిలించుకునే లోపలికి వచ్చింది. బయటికొచ్చాక బిర్యానీ నేనే పెట్టించాను, అదొకటి.

నాకు మాత్రం "దేవుడు నిన్ను ఇక్కడే వాడుకుంటాడమ్మా" అని చెప్పి పంపించారు. ఇక్కడే అంటే జగ్గయ్యపేట అని తర్వాత తెలిసింది. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పనిచేసే విశ్వాసి అబ్బాయితో పెళ్ళి చేశారు. మంచి మనిషే. మాకు పిల్లలు లేరు. ఇంటి చుట్టూ దుమ్ము, చెట్ల ఆకుల మీద దుమ్ము, ఉతికి ఆరేసిన చీరల మీద దుమ్ము. ఆ దుమ్ము దులుపుకుంటూ బడికెళ్ళి ఎక్కాలు చెబుతుంటాను. మా చెల్లికి మాత్రం మందిరంలో ప్రతి ఆదివారం పేరు పెట్టి ప్రార్థన. "మలావి దేశంలో ప్రయాసపడుతున్న మా సహోదరిని దీవించు తండ్రీ" అని పాస్టరుగారు గొంతు వణికిస్తారు. కళ్ళు తెరిచాక నాతో, "టీచరమ్మా, ఆ ఫ్యాన్ కొంచెం పెంచమ్మా" అంటారు.

మా ఇళ్ళల్లో కుళ్ళు అనే మాట వాడకూడదు. భారం అనాలి. "మా చెల్లి గురించి నాకు భారంగా ఉందండీ, ప్రార్థన చెయ్యండి" అంటే అందరూ మెచ్చుకుంటారు. నాది భారం కాదు. నాది అచ్చంగా కుళ్ళే.

మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతుంది. పూటపూటా వంటకి బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ మందిరంలో ఒక గోతాంలో పోస్తారు. ఆ బియ్యం అమ్మి మిషనరీలకి పంపిస్తారు. నేనూ వేస్తాను. వెయ్యకపోతే మా అమ్మ ఊరుకుంటుందా. కాకపోతే మా చెల్లి వీడియో వచ్చిన రోజు పిడికిలి గట్టిగా బిగించి, గింజలు తక్కువ పట్టేలా చూసుకునేదాన్ని.

వీడియోలు అలా ఉండేవి మరి. క్లినిక్ పక్కన ఒక పొడవాటి షెడ్డు. కాన్పు రోజులు దగ్గరపడ్డ ఆడవాళ్ళు దూరపు ఊళ్ళ నుంచి ముందే నడిచొచ్చి అందులో ఉంటారు. వెంటొచ్చిన తల్లో అత్తో బయట మూడు రాళ్ళ పొయ్యి మీద మొక్కజొన్న పిండితో మన సంకటి లాంటిది వండుతుంది. దాన్ని న్సీమా అంటారు. మా చెల్లి ఆ పొయ్యిల మధ్య కూర్చుని వాళ్ళ భాషలో ఏదో అంటుంది, అందరూ విరగబడి నవ్వుతారు. పసిపిల్లలు దాని నడుముకి చుట్టుకున్న రంగు గుడ్డ పట్టుకుని వేలాడతారు. అందరూ దాన్ని "అమాయి" అంటారు. అమ్మలకీ, గౌరవించే ఆడవాళ్ళకీ అక్కడ ఆ పిలుపట. బస్సులో కూర్చుని ఆ వీడియో చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసి, ఫోను బ్యాగులో పడేసి చిల్లకల్లు దాకా మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని. ఆ పొయ్యి దగ్గర పీట నాది కదా అనుకునేదాన్ని. ఆ నవ్వులు నావి కదా.

ఈ మధ్య అది సెలవు మీద వచ్చింది. వస్తూ వస్తూ ఒక కబురు తెచ్చింది. ఆ ఊళ్ళో మిషన్ వాళ్ళ చిన్న బడికి ఒక టీచరు కావాలట. ఇక్కడి నుంచే ఎవర్నైనా పంపాలని మిషన్ సెక్రటరీగారు చూస్తున్నారట, దాని మాట మీద నిర్ణయమట. అది నందిగామలో ఆటో దిగి నీళ్ళు తాగకముందే అడిగేశాను.

"నా పేరు చెప్పవే. మీ బావ కూడా వస్తానంటున్నాడు. దుమ్ము లేని ఊరైతే చాలంట ఆయనకి."

"చూద్దాంలే అక్కా" అంది.

ఆ చూద్దాంలే నాకు నచ్చలేదు. అయినా నోరు కట్టేసుకున్నాను. అది మీటింగులకి ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ వెళ్ళాను. నా పనల్లా ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ తగిలించడం, అది మాట్లాడుతుంటే ఒక్కో ఫోటో మార్చడం. దాని సంచి కూడా నా భుజానే ఉండేది, ఏం చేస్తాం.

చెవిటికల్లులో మీటింగు సాయంత్రం పెట్టారు. మిరపకోతల రోజులు. ఆడవాళ్ళు చేల నుంచి నేరుగా వచ్చి, మండుతున్న చేతులు చీరకొంగులకి తుడుచుకుంటూ కూర్చున్నారు. మా చెల్లి గొప్పలు చెప్పలేదు. అదే నాకు ఇంకా మంట.

"నేను పోయేసరికే ఆ ఊళ్ళో చర్చి ఉందమ్మా, మన చర్చి కంటే పాతది. నేను వాళ్ళకి దేవుణ్ణి మోసుకుపోయిందేం లేదు. పాటలు వాళ్ళే నాకు నేర్పారు. సూదులెయ్యడం, కాన్పులు చూడటం, అదే నా పని. మొదట్లో నేను న్సీమా వండితే ముసలమ్మలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు. కోళ్ళక్కూడా పెట్టలేం దీన్ని అన్నారు" అంది.

చేల ఆడవాళ్ళు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నేను ఒకసారి కావాలనే ఫోటో ముందే మార్చేశాను. తడబడుతుందేమో చూద్దామని. అది ఇసుమంతైనా తడబడకుండా ఆ కొత్త ఫోటో కథ ఎత్తుకుంది. మీటింగయ్యాక ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆ తల్లికి తోడొచ్చావా అమ్మా, నీ జన్మ ధన్యం" అంది. వందనాలండీ అన్నాను. అంతకంటే ఏమంటే బాగుంటుంది?

చివరి పెద్ద మీటింగు నందిగామలో మా మందిరంలోనే. కృతజ్ఞత కూడిక, తర్వాత ప్రేమవిందు. షామియానా వేశారు, మైకు పెట్టారు. మిషనరీ తల్లి సాక్ష్యం చెబుతుందన్నారు. మా అమ్మ కొత్త తెల్లచీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. నేను నాలుగో వరసలో ఉన్నాను. మా అమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నా ఈ చిన్నబిడ్డ కడుపులో ఉండగానే నేను ప్రభువుకి మాటిచ్చానండీ. పుట్టగానే పాస్టరుగారి చేతుల్లో పెట్టా. నూనె రాసి ప్రతిష్ఠ చేశారు. ఆ మాట ప్రభువు నెరవేర్చుకున్నాడు."

జనం స్తోత్రం అన్నారు. నాకు చెవులు గింగురుమన్నాయి. నా పక్కనున్న మా పెద్దమ్మ "అదేంటి, ఇచ్చింది పెద్దదాన్ని కదటే" అని గొణిగి, నా మొహం చూసి నోరు మూసుకుంది. నూనె రాసిన పాస్టరుగారు ఎప్పుడో చనిపోయారు. ఇంకెవరు చెబుతారు? నేను లేచి నిలబడి మైకు లాక్కుందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కాళ్ళు మాత్రం వెనక వంటల దగ్గరికి తీసుకెళ్ళాయి. అక్కడ ఉల్లిపాయలు కోసేవాళ్ళ దగ్గర కత్తిపీట లాక్కుని కూర్చుని, అవసరానికి మించి కోశాను.

భోజనాలయ్యాక ఇంట్లో మా అమ్మని పట్టుకున్నాను.

"మైకులో ఏంటమ్మా ఆ మాటలు? నూనె రాసింది ఎవరికి?"

"అరవమాక. బయట జనం ఉన్నారు."

"ఉండనీ. నా చెవులు చూసి చెప్పు ఎవరికి రాశారో."

మా అమ్మ మంచం మీద కూలబడింది. "అది అడిగిందే. ఒక్కసారి నా గురించి అట్టా చెప్పమ్మా అని అడిగింది. ఇన్నేళ్ళకి వచ్చిన పిల్ల, నోరు తెరిచి ఒక్క కోరిక అడిగితే ఏం చెయ్యమంటావు?"

"మందిరంలో నిలబడి అబద్ధం చెప్పావు."

"నేను ఎవర్నిచ్చానో దేవుడికి తెలుసులే" అంది మా అమ్మ. ఆమెతో నేనెప్పుడు గెలిచాను గనక.

మా చెల్లి డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. మెట్లెక్కే ఆయాసం తీరకుండానే అందుకున్నాను.

"ఊరు నీదైంది. క్లినిక్ నీదైంది. ఆదివారం ప్రార్థన నీదైంది. నాకు రాసిన నూనె కూడా కావాల్సొచ్చిందటే నీకు?"

అది చేతిలో దుప్పటి మడత పెడుతూనే ఉంది. "అవునక్కా. నేనే అడిగా."

"ఎందుకే?"

"అక్కడ అందరూ అడుగుతారు. దేవుడు నిన్నెట్టా పిలిచాడు, ఎట్టా వచ్చావు అని. అందరికీ ఒక సాక్ష్యం ఉంటది. నాకేముంది? మా అక్క సంచి మోసుకుంటా పోయా, నన్ను విమానం ఎక్కించారు. ఇన్నేళ్ళనుంచీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నా. చిన్నప్పుడు ఒకసారి నీ తెల్లగౌను వేసుకుని అద్దం ముందు నిలబడ్డా. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి, అది దేవుడి బిడ్డది, విప్పు అంది. నీకు గుర్తుందా?"

"లేదు."

"నాకుంది. అది దేవుడి బిడ్డయితే మరి నేనెవరి బిడ్డని అని అడుగుదామనుకున్నా. అడగలేదు."

"నీ జుంకాలు చూసి నేను చచ్చేదాన్ని" అన్నాను.

"తీసుకోవాల్సింది. నాకు ఎప్పుడూ చెవులు పుళ్ళే" అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వినంతసేపే. వెంటనే నాకు అసలు సంగతి గుర్తొచ్చింది.

"టీచరు పోస్టు ఏం చేశావు? నా పేరు చెప్పావా లేదా?"

అది దుప్పటి పిట్టగోడ మీద పెట్టింది. నా మొహంలోకి చూసింది. "నువ్వు రావద్దక్కా."

"ఏమన్నావు, మళ్ళీ అను" అన్నాను.

"అక్కడ నేనెవరి చెల్లెల్నీ కాదక్కా" అంది. "నువ్వొచ్చిన వారానికే పిల్లలందరికీ పాటలు నేర్పేస్తావు. ముసలమ్మలంతా నీ చుట్టూ చేరతారు. నీకు సాక్ష్యం ఉంది, నీ ప్రార్థన బాగుంటది. నేను మళ్ళీ నీ వెనకాల సంచి పట్టుకుని నిలబడాలి. నువ్వు పేరు చెప్పమన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించట్లా. ఏదో ఒక సాకు చెప్పొచ్చు, వయసు దాటిందన్నారని చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలా. అడుగుతున్నా. నువ్వు రావద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నది పట్టుకుపోయింది చాలక, మిగిలింది కూడా వదులుకోమంటోంది. దాని క్లినిక్ చూసి, షెడ్డు చూసి, పొయ్యిల దగ్గర నవ్వులు చూసి ఇన్నేళ్ళు నేను కుళ్ళుకున్నాను. అది నన్ను చూసి కుళ్ళుకునేదని తెలిసినా నాకేం తృప్తిగా లేదు. నా దగ్గర ఏముందని కుళ్ళుకుంది? కుట్టని చెవులూ ఒక తెల్లగౌనూ. మెట్లు దిగి, చెప్పులేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కేశాను. దారి పొడుగునా మనసులో దాన్ని తిడుతూనే ఉన్నాను. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "నీ ఇష్టం. నేను మాత్రం బట్టలు సర్దుకోవడానికి రెడీ" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మా జగ్గయ్యపేట మందిరంలో మీటింగు. మిషన్ సెక్రటరీగారు కూడా వచ్చారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. సెక్రటరీగారు, మా ఆయన, మా చెల్లి కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. చారు పోస్తుంటే సెక్రటరీగారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి అన్నారు.

"అమ్మా, మలావిలో టీచరు పని గురించి మీ చెల్లిగారిని అడిగాను. మా అక్కే చెప్పాలండీ, నేను చెప్పకూడదు అన్నది. మీరు టీచరు. పైగా మీకు పిలుపు ఉందని మాకు మొదట్నుంచీ తెలుసు. వెళ్తారామ్మా?"

మా ఆయన తినడం ఆపి నా వైపు చూశాడు. మా చెల్లి తలెత్తలేదు. కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలుపుతోంది, ముద్ద నోట్లో పెట్టుకోవట్లేదు. అది ఇక్కడే కుండబద్దలు కొట్టి నన్ను వద్దనేస్తే, దాన్ని జీవితాంతం తిట్టుకుంటూ హాయిగా ఉండేదాన్ని. వెళ్తానండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగో తరగతి నుంచి అక్కడే ఉందది.

"లేదండీ" అన్నాను. "ఇక్కడ బడి వదిలి రాలేను. వేరే ఎవర్నైనా చూసుకోండి."

"దేవుని చిత్తం" అన్నారాయన. ఇంకొంచెం చారు పొయ్యమన్నారు.

వాళ్ళు ముందుగదిలోకి వెళ్ళాక వంటింట్లో అంట్లు తోముతున్నాను. మా చెల్లి వచ్చి నా వెనక నిలబడింది.

"ఎందుకు కాదన్నావక్కా?"

నేను వెనక్కి తిరగలేదు. "నా దగ్గర నువ్వు తీసుకున్నవన్నీ అడక్కుండానే తీసుకున్నావు. ఇదొక్కటీ అడిగావు."

అది గోడకానుకుని ఏడవడం వినిపిస్తూనే ఉంది. నాకు కుళ్ళు తగ్గలేదు, ఈ రోజుకీ తగ్గలేదు. కాని నేను మాత్రం ఏడవలేదు. ఇచ్చేసినదాన్ని గదా, ఏడిస్తే మళ్ళీ తిరిగి అడిగినట్టుంటుంది.